ఫీడ్ రాకపోతే ముందే ప్లగిన్ మీద పడకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో సొంత వెబ్‌సైట్ నడిపేవాళ్ల కోసం ఇచ్చిన చిట్కాలు చదివాను. చాలావరకు బానే ఉన్నాయి గానీ, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (ఒక సైట్ తన కొత్త పోస్టుల జాబితాని మెషీన్లు చదువుకునేలా పెట్టే ఫైలు) ఇంపోర్ట్, అంటే దాన్ని మన సైట్‌లోకి తెచ్చుకోవడం ఆగిపోతే, ఆ పని చేసే ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రామ్‌ని డిలీట్ చేసి మళ్లీ వేసుకోమన్నారు చూడండి, ఆ ఒక్కటి మాత్రం ఎవరూ చేయకుండా ఉంటేనే మంచిదండి. ఏ ఐటమ్ ఇప్పటికే తెచ్చుకున్నాం, ఏది ఇంకా తేలేదు అన్న లెక్క కొన్ని ప్లగిన్లు డేటాబేస్‌లో తమ సొంత టేబుల్లో పెట్టుకుంటాయి, ప్లగిన్ డిలీట్ కొడితే ఆ టేబుల్ కూడా పోవచ్చు, మళ్లీ వేసి రన్ చేయగానే ఫీడ్‌లో ఉన్నవన్నీ కొత్తవే అనుకుని రెండోసారి దింపేస్తుంది. రావాల్సిన పోస్టులు ఎలాగూ రాలేదు, వచ్చినవి మాత్రం రెండేసి కనిపిస్తాయి. వీలైతే ఆ చిట్కాకి ఒక చిన్న సవరణ వేయండి.

ఇలాంటి సైట్లు బాగుచేయడమే నా పని. ఇంపోర్ట్ ఫెయిలైందని నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువసార్లు తప్పు తెచ్చుకునేవాళ్లది కాదు, అవతల పంపేవాళ్ల ఫీడే సరిగ్గా ఉండదు. ఆ పంపేవాళ్లలో వార్తా సైట్లు చాలా ఉంటాయి, అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నా.

ఆర్‌ఎస్‌ఎస్ ఇంకా ఎవరు వాడుతున్నారండీ అనేవాళ్లున్నారు. 1999లో నెట్‌స్కేప్ మొదలుపెట్టింది, 2002లో 2.0 వచ్చింది, 2005లో ఆటమ్ అని ఇంకో ఫార్మాట్ స్టాండర్డ్ అయింది, 2013 జులైలో ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్‌ని మూసేశాక దీని పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. పాడ్‌కాస్టులు మాత్రం ఈరోజుకీ దీని మీదే నడుస్తున్నాయి, ఒక సైట్ హెడ్‌లైన్లు ఇంకో సైట్లో ఆటోమేటిక్‌గా కనిపిస్తున్నాయంటే దాని వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. సరే, చరిత్ర పక్కన పెడదాం.

ఫీడ్ రావట్లేదంటే నేను ముందు ఫీడ్ అడ్రస్ బ్రౌజర్లో కొట్టి సోర్స్ చూస్తాను, ప్లగిన్ జోలికి అస్సలు పోను. అక్కడ వచ్చింది ఎక్స్‌ఎంఎలా (ఫీడ్లు రాసే ట్యాగుల ఫార్మాట్ అది), లేక మామూలు వెబ్ పేజీనా అన్నది మొదటి ప్రశ్న. ఇది తేల్చుకోకుండా గంటలు గంటలు సెట్టింగులు మార్చేవాళ్లని చూస్తుంటాను, పాపం అనిపిస్తుంది. సైట్ రీడిజైన్ చేసినప్పుడు ఫీడ్ అడ్రస్ మారుతుంది, పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లందర్నీ హోమ్ పేజీకి తోసేస్తారు, హోమ్ పేజీ శుభ్రంగా 200 ఓకే, అంటే అంతా బాగుంది అని జవాబిస్తుంది, ప్లగిన్ దాన్ని తీసుకుని ఇందులో ఫీడ్ ఏదీ అని వెతుక్కుంటుంది. తెచ్చుకునేవాడికి కనిపించేది మాత్రం 'ఫీడ్ చెల్లదు' అన్న ఒక్క ముక్క.

ఇంకో రకం ఇంతకంటే చిరాకు. బ్రౌజర్లో తెరిస్తే ఫీడ్ చక్కగా వస్తుంది, మన సర్వర్ నుంచి తెస్తే 403, అంటే లోపలికి రానివ్వం అన్న జవాబు. కారణం ఏంటంటే ఆ సైట్ ముందు బాట్లని ఆపే రక్షణ పెట్టారు, 'నేను రోబోని కాదు' అని టిక్ పెట్టమనే ఆ పేజీ ఉంటుంది కదా, అది మనిషికి సరే, ఫీడ్ తెచ్చుకోవడానికి వచ్చేదే రోబో, అది టిక్ ఎక్కడ పెడుతుంది? దీనికి ఇవతలి వైపు నుంచి సరైన మందు లేదు. కొందరు తమ ప్లగిన్‌ని క్రోమ్ బ్రౌజర్ అని అబద్ధం చెప్పేలా మార్చేస్తారు, కొన్నాళ్లు నడుస్తుంది కూడా, కానీ నాకు ఆ పద్ధతి నచ్చదు. అవతలివాళ్లకి ఒక మెయిల్ పెట్టి, ఫీడ్ అడ్రస్ వరకు ఆ చెక్ తీసేయమని అడగడమే దారి. ఫీడ్ పెట్టిందే మెషీన్ల కోసం కదండీ.

సైట్ అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ సంగతీ ఇలాంటిదే. సర్వర్లో మధ్య సర్టిఫికెట్ (సైట్ సర్టిఫికెట్‌ని అది ఇచ్చిన సంస్థతో కలిపేది) పెట్టడం మర్చిపోతే, బ్రౌజర్లు చాలావరకు దాన్ని తామే ఎక్కడినుంచో తెచ్చుకుని సర్దుకుంటాయి, ప్లగిన్లు ఫీడ్ తేవడానికి వాడే కర్ల్ అనే ప్రోగ్రామ్ సర్దుకోదు, ఎర్రర్ 60 అని చేతులెత్తేస్తుంది. వెంటనే ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై, అంటే ఆ సర్టిఫికెట్ తనిఖీ, ఆఫ్ చేసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి చేయొద్దు.

ఇక అసలు పేచీ ఎక్స్‌ఎంఎల్‌తో. మామూలు వెబ్ పేజీలో వంద తప్పులున్నా బ్రౌజర్ ఎలాగోలా చూపించేస్తుంది, ఎక్స్‌ఎంఎల్ దగ్గర ఆ సర్దుబాట్లు లేవు, ఒక్క అక్షరం తేడా వచ్చినా పార్సర్ (దాన్ని చదివే ప్రోగ్రామ్) మొత్తం ఫీడ్‌నే పక్కన పడేయవచ్చు. హెడ్‌లైన్లో 'ఆటలు & పాటలు' అని & గుర్తు ఊరికే పెట్టేస్తే చాలు. ఫైలు మొదట్లో ఒక ఖాళీ లైను ఉన్నా అంతే. ఈ ఖాళీ లైను గొడవ భలే ఉంటుంది, పార్సర్ రెండో లైన్లో తప్పు అంటుంది, మనం రెండో లైను ఎంతసేపు చూసినా ఏ తప్పూ ఉండదు, ఎందుకంటే తప్పు రెండో లైన్లో కాదు, ఇది ఎక్స్‌ఎంఎల్ అని చెప్పే డిక్లరేషన్ రెండో లైన్లో ఉండటమే తప్పు, అది మొట్టమొదటి అక్షరం నుంచే మొదలవ్వాలి. ఎవరో థీమ్ ఫైలు ఎడిట్ చేసి చివర్లో పీహెచ్‌పీ (సైట్ కోడ్ రాసే భాష) ట్యాగ్ మూసేశాక ఇంకో రెండు ఎంటర్లు కొట్టి ఉంటారు, ఆ ఖాళీ వచ్చి ఫీడ్ నెత్తిన కూర్చుంటుంది.

తెలుగు లాంటి భాషల ఫీడ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇంకోటుంది, దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. అక్షరాల్ని కంప్యూటర్లో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు, తెలుగులో మాత్రం ప్రతి కోడ్ పాయింటూ (సొంత నంబరున్న ఒక్కో గుర్తు) మూడు బైట్లు, అంటే 'తె' అనే అక్షరం త ఒకటి, ఎత్వం ఒకటి, మొత్తం ఆరు బైట్లు. ఇప్పుడు ఫీడ్‌లో వార్త సారాంశం చూపించడానికి ప్రోగ్రామర్ మొదటి 300 బైట్లు కట్ చెయ్ అని రాశాడనుకోండి. ఇంగ్లిష్ వార్తకి ఏ ఇబ్బందీ ఉండదు. తెలుగు వార్తలో మధ్యమధ్యలో స్పేసులు, చుక్కలు, అంకెలు ఒక్కో బైటువి ఉంటాయి, వాటిని బట్టి ఆ 300వ బైటు ఒకసారి సరిగ్గా అక్షరం చివర పడుతుంది, ఒకసారి అక్షరం మధ్యలో పడుతుంది. మధ్యలో పడిన రోజు ఫీడ్ చెల్లదు. మర్నాటికి కొత్త వార్తలు వచ్చి, ఆ విరిగిన ఐటమ్ ఫీడ్ కిందికి జారి బయటికి పోగానే ఇంపోర్ట్ దానంతట అదే నడుస్తుంది. ఈలోపు సైట్ ఓనర్ ఏదో ఒక సెట్టింగ్ మార్చి ఉంటాడు కదా, దానివల్లే బాగైందని నమ్మేస్తాడు, వచ్చే వారం మళ్లీ ఆగినప్పుడు అదే సెట్టింగ్ మళ్లీ మారుస్తాడు. నిజానికి మార్చాల్సింది అవతల సైట్ కోడ్‌లో ఒక్క చోట, బైట్ల లెక్కన కాకుండా అక్షరాల లెక్కన కట్ చేయాలి, పీహెచ్‌పీలో దానికి ఎంబీ అని మొదలయ్యే ఫంక్షన్లు వేరే ఉన్నాయి.

పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా కాపీ చేసి వెబ్‌సైట్లో పేస్ట్ చేసినప్పుడు కంటికి కనిపించని కంట్రోల్ అక్షరాలు కూడా వస్తుంటాయి, వాటిలో చాలావాటిని ఎక్స్‌ఎంఎల్ 1.0 ఒప్పుకోదు. మీ డెస్క్‌లో వెబ్‌కి ఎక్కించేవాళ్లకి ఇదొక్కటి చెప్పినా ఎంతో మేలు.

ఒకే వార్త రెండుసార్లు రావడం ఇంకో పెద్ద కంప్లయింట్. ప్రతి ఐటమ్‌కీ జీయూఐడీ అని ఒక గుర్తింపు ఉంటుంది, అది మారకుండా ఉన్నంతకాలం ప్లగిన్‌కి పాతది ఏదో తెలుస్తుంది. చాలా సైట్లు అందులో వార్త లింకునే పెడతాయి. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి మారిన రోజు ఆ లింకులన్నీ మారిపోయి ఫీడ్‌లో ఉన్నవన్నీ మళ్లీ దిగుతాయి, హెడ్‌లైన్లో తప్పు దిద్దినప్పుడు లింకు కూడా మార్చేస్తే ఆ వార్త మళ్లీ దిగుతుంది. జీయూఐడీ వద్దు, టైటిల్ చూసి పోల్చుకుందాం అనుకుంటే అక్కడ ఇంకో తమాషా. తెలుగు టైపింగ్‌లో 'బంద్', 'టైమ్' లాంటి పొల్లుతో ఆగే మాటల చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అని ఒక కనపడని అక్షరం పెడతాయి, కొన్ని పెట్టవు. చూడ్డానికి రెండు హెడ్‌లైన్లూ అచ్చం ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేరు వేరు. పోల్చే ముందు ఆ అక్షరాన్ని తీసేసే ఫిల్టర్ ఒకటి పెట్టుకుంటే చాలు.

తేదీలు కూడా చూసుకోవాలి. ఆర్‌ఎస్‌ఎస్‌లో తేదీకి ఒక ఖాయమైన పద్ధతి ఉంది, వారం, నెల పేర్లు ఇంగ్లిష్ పొట్టి రూపంలోనే ఉండాలి, చివర్లో టైమ్ జోన్ +0530 లాగా అంకెల్లో ఉంటే ఏ గొడవా లేదు. సైట్ భాష తెలుగు అని పెట్టుకున్నాక ఫీడ్‌లో కూడా 'మంగళ, ఫిబ్రవరి' అని వచ్చేస్తే ప్లగిన్‌కి అర్థం కాదు, అప్పుడు ఈరోజు రాసిన వార్త 1970 జనవరి 1 (కంప్యూటర్లు తేదీల లెక్క మొదలుపెట్టే రోజు) తేదీతో పోయి సైట్ అడుగున ఎక్కడో పడొచ్చు, మనం మాత్రం రాలేదు రాలేదు అని పైన వెతుకుతాం.

తెచ్చుకునేవాళ్ల వైపు తప్పులే లేవని కాదండి. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ తన సొంత పద్ధతిలో ఫీడ్ తెచ్చినప్పుడు మామూలుగా 12 గంటలు కాష్‌లో, అంటే దాచిన కాపీగా, ఉంచుకుంటుంది, ఆ సంగతి తెలియక పది నిమిషాలకోసారి రిఫ్రెష్ కొడుతూ కూర్చుంటారు. దాని క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది) కూడా సైట్‌కి ఎవరైనా వస్తేనే కదులుతుంది, రాత్రంతా ఎవరూ రాకపోతే రాత్రంతా ఏమీ రాదు, హోస్టింగ్‌లో నిజమైన క్రాన్ పెట్టుకోవాలి. లాగ్‌లో 304 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, కొత్తవేం లేవు అని అర్థం, అంతే. ఇంకోటి, వర్డ్‌ప్రెస్ ఫీడ్‌లో మామూలుగా చివరి 10 ఐటమ్స్ మాత్రమే ఉంటాయి. గంటకి పాతిక వార్తలు వేసే సైట్ ఫీడ్‌ని మీరు ఆరు గంటలకోసారి తెస్తే మధ్యలోవి ఎప్పటికీ దొరకవు, ప్లగిన్ ఏం చేస్తుంది పాపం. ఫీడ్ చెల్లుతుందో లేదో తేలడానికి వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ల ఫీడ్ వాలిడేటర్ ఉచితంగా ఉంది, ఏ లైన్లో ఏ తప్పో అదే చెప్తుంది, ప్లగిన్ మార్చడానికి ముందు ఆ ఒక్క పని చేయమనండి.

మధ్యలో ఒక మాట, ఫీడ్ ఇచ్చారు కదా అని వార్త మొత్తం తెచ్చి తమ పేరు మీద వేసుకునేవాళ్ల కోసం నేను ఇదంతా రాయట్లేదు. హెడ్‌లైన్, రెండు లైన్లు, అసలు సైట్‌కి లింకు, అంతవరకే మర్యాద, అంతకు మించి కావాలంటే అడిగి తీసుకోవాలి. అలాంటివాళ్ల భయంతోనే కొన్ని పత్రికలు ఫీడ్లే ఎత్తేస్తున్నాయేమో అని నా అనుమానం. అలా ఎత్తేసే బదులు పూర్తి వార్త కాకుండా సారాంశం మాత్రమే ఇచ్చే సెట్టింగ్ పెట్టుకోవచ్చు.

ఇక మీ వెబ్ టీమ్‌కి నా విన్నపం. సైట్ మార్చేటప్పుడు పాత ఫీడ్ అడ్రస్ నుంచి కొత్తదానికి 301 (అడ్రస్ శాశ్వతంగా మారిందని చెప్పే దారి మళ్లింపు) పెట్టండి, హోమ్ పేజీకి మాత్రం తోసేయకండి. ఏ విభాగం ఫీడ్ అయినా నిజంగానే ఆపేస్తుంటే 410 ఇవ్వండి, తెచ్చుకునేవాళ్లకి అది ఇక లేదని తెలిసిపోతుంది, మీ సర్వర్‌ని ఊరికే తట్టడం మానేస్తారు. ఏ విభాగానికి ఏ ఫీడో చూపించే పేజీ ఒకటి పెట్టి, ఫీడ్ పాడైతే చెప్పడానికి ఒక మెయిల్ ఐడీ కూడా అక్కడే ఇవ్వండి, ఇప్పుడైతే ఎవరికి చెప్పాలో తెలియక ప్రకటనల విభాగానికి రాయాల్సి వస్తోంది, వాళ్లు రేట్ కార్డు పంపిస్తున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు