కప్ప చర్మంతో నాకేంటమ్మా అన్నావు కదా

పాపా,

రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "డాక్టరు చదువుకొచ్చి, కప్ప చర్మంలో సోడియం ఎటు పోతే నాకేంటమ్మా" అన్నావు. వైవాలో నోట మాట రాలేదన్న బాధలో అన్నావని తెలుసు. ఫోన్‌లో చెబితే సగం వినకుండానే "సరేమ్మా" అనేస్తావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మొన్న మన అనంతపురంలో వాన పడింది, ఎన్నాళ్ళకో. తెల్లారి చూస్తే తులసికోట పక్కన తడిమట్టిలో ఒక కప్ప, వెనక కాళ్ళు వెడల్పుగా పెట్టుకుని పొట్ట అడుగు భాగాన్ని మట్టికి అంటించి కదలకుండా కూచుంది. అవ్వ "పాపం దాహానికొచ్చింది, గిన్నెలో నీళ్ళు పెట్టు" అంది. అది నోటితో తాగదు కదా, అలా కూచోవడమే దాని తాగడం. ఆ పలచటి చర్మం గుండా నీళ్ళు ఇంకుతాయి. నీళ్ళొక్కటే చాలవు, ఉప్పు కూడా కావాలి, కానీ వానగుంటలో ఉప్పు నామమాత్రం, దాని రక్తంలో అంతకు ఎన్నో రెట్లు. తక్కువున్న చోటి నుంచి ఎక్కువున్న చోటికి ఉప్పును లాగాలంటే కష్టపడాలి. చర్మం రెండు వైపులకీ మీటరు తగిలిస్తే, ఆ కష్టమే దాని మీద వోల్టేజీగా కనబడుతుంది. ఇదొక్కటి పట్టుకో.

మనింటి సంపు గుర్తుందిగా. కుళాయి వచ్చినప్పుడు నీళ్ళు సంపులోకి వాటంతటవే దిగుతాయి, మేడ మీది ట్యాంకుకి ఎక్కాలంటే మాత్రం మోటారు వెయ్యాలి. చర్మంలోని కణమే ఆ సంపు అనుకో. బయటి వైపు పొరలో సోడియం దూరే సన్నటి దారులుంటాయి, కణంలో సోడియం తక్కువ, పైగా లోపల నెగటివ్, కాబట్టి సోడియం జారి వచ్చేస్తుంది. రక్తం వైపు పొరలో మోటారు ఉంది. అది 3 సోడియంలను రక్తం వైపు తోసి 2 పొటాషియంలను కణంలోకి తీసుకుంటుంది, ఆ పొటాషియం మళ్ళీ అదే పొర గుండా వెనక్కి కారిపోతుంది. మొత్తం మీద ప్లస్ ఛార్జి బయటి నుంచి ఒంట్లోకే నడుస్తుంటుంది, అందుకే చర్మం లోపలి వైపు పాజిటివ్. ఈ రెండు పొరల సంగతి 1958లో కొఫోడ్-యోన్సెన్, ఉసింగ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్తలు చెప్పారు. మోటారును, అదే సోడియం-పొటాషియం పంపును, అంతకు ముందే, 1957లో, ఆ దేశపు శాస్త్రవేత్తే స్కౌ పీత నరాల్లో పట్టుకున్నాడు. నోబెల్ వచ్చేసరికి 1997 అయింది!

నేను పీజీలో ఉన్నప్పుడు ఒక ప్రాక్టికల్‌లో చర్మం ముక్కను రెండు గదుల మధ్య బిగించి, రెండు వైపులా రింగర్ ద్రావణం, అంటే ఒంట్లోని ద్రవంలాంటి ఉప్పునీళ్ళు, పోసి మీటరు చూస్తే 60 మిల్లీవోల్టుల దగ్గర ముల్లు నిలబడింది. బయటి వైపు ద్రావణం మార్చమన్నారు, మార్చాను. ముల్లు జారుకుంటూ కిందికి వచ్చేసింది. చర్మం చచ్చిపోయిందేమో, ఇంకో కప్పను చంపాల్సి వస్తుందేమో అని ఒకటే టెన్షన్. తీరా చూస్తే నేను సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్‌తో కలిపిన సీసా పోశాను. కడిగి మళ్ళీ సోడియంది పోస్తే, ముల్లు మెల్లగా పైకి లేచింది. ఆ ముల్లు లేవడం చూసినదాన్ని కాబట్టి ఈ పాఠం నాకు ఇప్పటికీ పుస్తకంలో అక్షరాల్లా ఉండదు.

ఉసింగ్ చేసింది ఇంకా గొప్ప పని. రెండు వైపులా ఒకే ద్రావణం పెట్టి, బయటి నుంచి కరెంటు ఇచ్చి వోల్టేజీని సున్నాకు తెచ్చాడు. ఇక ఉప్పును నెట్టే శక్తి బయట ఏదీ లేనట్టే కదా, అయినా సోడియం లోపలికి పోతూనే ఉంది. రేడియోధార్మిక సోడియంతో లెక్క కడితే ఇచ్చిన కరెంటూ, నికరంగా దాటిన సోడియమూ సరిపోయాయి. 1951లో ఆయనా, జెరాన్ అనే తోటి శాస్త్రవేత్తా కలిసి అచ్చు వేసిన లెక్క ఇది. క్లోరైడ్ సంగతి కూడా చూసుకో, అది సోడియం వెంట వెళ్ళి వోల్టేజీని కొంత తగ్గిస్తుంది, దాని బదులు అంత తేలిగ్గా దూరని సల్ఫేట్ పెడితే వోల్టేజీ పెరుగుతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం. బయటి పొరలో ఉన్న ఆ సోడియం దారి లాంటిదే మన మూత్రపిండాల్లో చివరి గొట్టాల్లోనూ ఉంది. అమిలోరైడ్ అని ఒక నీళ్ళ మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, ఉంది, చదివే ఉంటావు. కప్ప చర్మానికి బయటి వైపు దాన్ని వేస్తే సోడియం దారి మూసుకుని కరెంటు పడిపోతుంది. మూత్రపిండంలోనూ అంతే, సోడియం రావడం ఆగితే పొటాషియంను మూత్రంలోకి లాగే వోల్టేజీ కూడా తగ్గుతుంది, పొటాషియం ఒంట్లో మిగిలిపోతుంది. రేపు వార్డులో ఒక పెద్దాయనకి ఆ మాత్ర రాసి పొటాషియం పరీక్ష ఎందుకు చేయించాలో నీకు ఈ కప్పే చెబుతుంది.

కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు జబ్బు కూడా ఇదే దారిన చంపుతుంది. చర్మంలో ఈ ఉప్పుల రవాణా దెబ్బతిని, రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి, గుండె ఆగిపోతుందని 2009లో తేల్చారు. చదివినప్పుడు చాలా బాధేసింది. చర్మం మీది జబ్బు గుండెను ఆపడమేమిటి అనిపించింది.

మీ నాయన బస్టాండుకి వస్తానంటున్నాడు, ఆదివారం కర్నూలులో ఏ బస్సు ఎక్కుతావో చెప్పు. కప్ప ఇంకా అక్కడే ఉంది, అవ్వ రోజూ ఆ చోట చెంబుడు నీళ్ళు పోస్తోంది. ఇంకొకటి. ఆ మోటారును ఆపే మందు వాబైన్. దాన్ని రక్తం వైపు పోస్తే సంపులో ఏమవుతుంది, మీటరు మీద ఏమవుతుంది? పుస్తకం తెరవకుండా రేపు రాత్రి నువ్వే నాకు ఫోన్ చేసి చెప్పు.

అమ్మ