డెల్టాలో మా టీకాల శిబిరానికి అండగా నిలిచిన ఆల్ఫా కప్పా ఆల్ఫా మహిళలకు కృతజ్ఞతలు

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు డెల్టా ప్రాంతంలోని బొలివార్ కౌంటీలో మేము నడుపుతున్న చిన్న క్లినిక్ తరఫున, బడులు తెరవడానికి ముందు వచ్చిన శనివారం పిల్లలకు ఏర్పాటు చేసిన టీకాల శిబిరం అంత సజావుగా జరగడానికి కారకులైన ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్లజాతి మహిళల సంఘం (సొరోరిటీ) స్థానిక చాప్టర్, అంటే శాఖ, సభ్యులకు ఈ పోస్టు ద్వారా మనఃపూర్వకంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. వారికి ఇంగ్లీషులో ఉత్తరం విడిగా పంపించాము. తెలుగులోనూ రాయడం ఎందుకంటే, వీసా షరతుల వల్ల వైద్యుల కొరత ఉన్న ఇలాంటి పల్లె ప్రాంతాల్లో ఉద్యోగం మొదలుపెట్టే మన డాక్టర్లలో చాలామందికి తాము అడుగుపెట్టిన నేల మీద ఎవరు ఏ పని చేసి వెళ్ళారో చెప్పేవారు ఉండరు.

ఇక్కడ ఆగస్టు మొదట్లోనే బడులు తెరుస్తారు. ఏడో తరగతిలో చేరే పిల్లలు ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు రాకుండా వేసే టీడాప్ టీకా వేయించుకుని, టీకాల ధ్రువపత్రమైన 121వ నంబరు ఫారం బడిలో ఇవ్వాలి. మా దగ్గర టీకాలకు కొరత లేదు. పిల్లలను క్లినిక్ దాకా తీసుకువచ్చే మనిషికే కొరత. తల్లి క్యాట్‌ఫిష్ చేపలను శుభ్రం చేసే ప్లాంటులో షిఫ్టులో ఉంటుంది, ఇంట్లో ఉన్న ఒక్క కారూ ఆమెతోనే పోతుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. పోస్టర్లు అంటించాము, ఫేస్‌బుక్‌లో పెట్టాము, అయినా అపాయింట్‌మెంట్ల పట్టిక చాలావరకు ఖాళీగానే ఉండిపోయింది. ఆ దశలో చాప్టర్ సభ్యురాలైన ఒక రిటైర్డ్ టీచరుగారు మా క్లినిక్‌కు వచ్చి, ఆ ఖాళీ పట్టికను మాత్రం అడిగి తీసుకువెళ్ళారు. రోగుల వివరాలు మేము ఇవ్వకూడదు, ఆమె అడగనూ లేదు. తన చర్చి వారి ఫోన్ నంబర్లు, తాను పాఠాలు చెప్పిన పిల్లల ఇళ్ళు ఆమెకు చాలు. శుక్రవారం నాటికి పట్టిక నిండింది. ఎవరి పిల్లలను ఎవరి కారులో తీసుకురావాలో కూడా పక్కనే పెన్సిలుతో రాసి ఉంది.

శిబిరం రోజున చేసిన పనుల్లో ఒకటి మాత్రం వివరంగా చెప్పాలి. షికాగో నుంచి అమ్మమ్మ దగ్గరికి వచ్చేసిన ఒక అబ్బాయి టీకాల వివరాలు మా రాష్ట్రం కంప్యూటర్లో దొరకలేదు. ఆ పెద్దావిడ బైబిలుకు వేసిన జిప్పు కవరులోంచి మడతలు పడిన కార్డు ఒకటి తీశారు. టీచరుగారు దాని మీద స్కేలు పెట్టి, సగం చెరిగిపోయిన తేదీలను ఒక్కొక్క వరుసగా మా నర్సుకు చదివి వినిపించారు. అన్ని టీకాలూ మళ్ళీ వేయాల్సి వస్తుందని మేము అనుకున్న పిల్లవాడు ఒక్క సూదితో ఇంటికి వెళ్ళాడు.

సొరోరిటీ అనగానే కాలేజీ రోజుల సరదా సంఘమని అనుకునేవారు మనలో ఎక్కువ. 1908 జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో, ఎథెల్ హెడ్జ్‌మన్ చొరవతో నల్లజాతి విద్యార్థినులు స్థాపించుకున్న ఈ సంఘంలో సభ్యత్వం డిగ్రీతో ముగిసిపోదు. పట్టా పుచ్చుకున్నవారికి ఊరూరా వేరే చాప్టర్లు ఉంటాయి, సేవాకార్యక్రమాల భారం చాలావరకు వాటిదే. విక్స్‌బర్గ్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో టీచరుగా పనిచేసిన ఐడా జాక్సన్ నాయకత్వంలో, 1934లో ఈ రాష్ట్రంలోనే లెక్సింగ్టన్‌లో పల్లెటూరి ఉపాధ్యాయులకు వేసవి బడి నడిపారు. ఒంట్లో సత్తువ లేని పిల్లలకు చదువు ఎలా ఎక్కుతుందన్న ప్రశ్న అక్కడే ఎదురైంది. మరుసటి వేసవిలో డాక్టర్ డొరొతీ బోల్డింగ్ ఫెరెబీ ఆధ్వర్యంలో నర్సులు, టీచర్లు వాషింగ్టన్ నుంచి సొంత కార్లలో, జాతి వివక్ష చట్టబద్ధంగా ఉన్న ఆ రోజుల్లో, ఇంత దూరం వచ్చారు. పత్తి చేలల్లో పనిచేసే కౌలు కూలీలను క్లినిక్‌లకు పంపడానికి తోటల యజమానులు ఒప్పుకోలేదు. దాంతో వీరు మందులు, టీకాలు కార్లలో సర్దుకుని నేరుగా తోటల్లోకే వెళ్ళారు. గుర్రాల మీద తిరిగే కాపలాదారులు వింటూండగానే తల్లులతో మాట్లాడి, పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు, పళ్ళు చూశారు, ఏం వండిపెట్టాలో చెప్పారు. ఆ తర్వాతి వేసవుల్లో మా బొలివార్ కౌంటీకీ వచ్చారు. యుద్ధకాలంలో పెట్రోలు, టైర్లు రేషనయ్యేదాకా ఏటా వేసవిలో వేల మందికి వైద్యం అందింది. సంచార వైద్యశాల గురించి నేను పాఠాల్లోనే చదువుకున్నాను. జీతం లేకుండా, వేసవి సెలవులు ఖర్చుపెట్టి దాన్ని ఇక్కడ చేసి చూపినవారి సంగతి మాత్రం ఏ పాఠంలోనూ కనబడలేదు.

పేరు కూడా సరిగ్గా పలకలేని పరదేశపు డాక్టరు చేతికి ఆ శనివారం తల్లులు, అమ్మమ్మలు తమ పిల్లలను అప్పగించారంటే, అది నన్ను చూసి కాదు, గులాబీ, ఆకుపచ్చ చొక్కాలతో తలుపు దగ్గర నిలబడి పేరుపేరునా పలకరించిన ఆ మహిళలను చూసి. ఈ మాట నేను వినయం కోసం అనడం లేదు. ముందు ఏడాది వారు లేకుండా శిబిరం పెట్టినప్పుడు వచ్చినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

హాలు ఇచ్చిన చర్చి పెద్దలకు, పొద్దుటి నుంచి కార్లు తిప్పిన యువకులకు, జాక్సన్ నగరం నుంచి అందరికీ పులిహోర వండి తెచ్చిన తెలుగు కుటుంబాలకు కూడా ధన్యవాదాలు. కారం ఎక్కువైందని అన్నవారెవరూ లేరు, గిన్నె మాత్రం ఖాళీ అయింది.

అనుమతి తీసుకోలేదు కాబట్టి ఎవరి పేర్లూ రాయలేదు. అక్టోబరులో ఫ్లూ టీకాల శిబిరం అదే హాలులో జరుగుతుంది, చాప్టర్ వారు అప్పుడే ఒప్పుకున్నారు. వచ్చే ఆగస్టుకు పళ్ళ డాక్టరు ఎవరైనా దొరుకుతారా అని టీచరుగారు అడిగారు. జాక్సన్, మెంఫిస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు దంతవైద్యులు ఒక్క శనివారం కేటాయించగలిగితే దయచేసి నాకు సందేశం పంపండి.