పాఠం చూసినవారు టీచర్‌తో మాట్లాడి వెళ్లాలి

సంపాదకులకు,

నేను ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్‌ (ఎస్‌జీటీ)ని. సర్వీసులో చేరి 21 ఏళ్లయింది. టీచర్ల పనితీరు మాట వచ్చినప్పుడల్లా పిల్లల మార్కులు, ఫోన్‌లో వేసే హాజరు గురించే చర్చ జరుగుతుంది. తరగతిలో కూర్చుని పాఠం చూడటం, చూసింది టీచర్‌కు చెప్పడం గురించి మాట్లాడేవారు తక్కువ. నాకు మాత్రం ఈ 21 ఏళ్లలో నిజంగా పనికొచ్చింది అదే.

కొన్నేళ్ల క్రితం ఒక అధికారి తనిఖీకి వచ్చారు. నేను మూడో తరగతికి తెలుగు చెబుతున్నాను. హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం రిజిస్టరు, గుడ్ల లెక్క, పీరియడ్ ప్లాన్ చూశారు. ఒక బాబును లేపి చదవమన్నారు. వాడు అమ్మానాన్నలతో వలస వెళ్లి రెండు నెలల తర్వాత ముందురోజే బడికొచ్చాడు. తడబడ్డాడు. "ఇన్నాళ్లూ ఏం చెబుతున్నావమ్మా?" అని పిల్లల ముందే అడిగారు. నేను చెప్పబోయింది వినలేదు. విజిట్ బుక్‌లో 'బోధనా ప్రమాణాలు మెరుగుపరచుకోవాలి' అని రాసి జీపెక్కారు. ఆయన నా పాఠం ఐదు నిమిషాలైనా వినలేదు. ఏం మెరుగుపరచుకోవాలో ఆ వాక్యంలో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

మరుసటి ఏడాది మా స్కూల్ కాంప్లెక్స్‌కు, అంటే చుట్టుపక్కల బడులన్నీ కలిసిన సముదాయానికి, కొత్త హెచ్‌ఎం వచ్చారు. "రేపు రెండో పీరియడ్ మీ క్లాసులో కూర్చుంటానమ్మా, ప్రత్యేకంగా ఏమీ సిద్ధం చేయొద్దు" అని ముందే చెప్పారు. వచ్చి వెనక పిల్లల పక్కన చాప మీద కూర్చున్నారు. ఆ రోజు తీసివేతలు. 42లోంచి 17 తీసేయాలి, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి. పీరియడ్ అంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, రాసుకుంటూనే ఉన్నారు.

భోజనాలయ్యాక వరండాలో ఆ కాగితం నా చేతిలో పెట్టారు. పిల్లలు కూర్చున్న వరుసలు గీసి, నేను ఎవరిని ప్రశ్న అడిగితే వారి దగ్గర ఒక చుక్క పెట్టారు. 19 మంది పిల్లల్లో చుక్కలన్నీ ముందున్న ఐదుగురి దగ్గరే ఉన్నాయి. నేను "అర్థమైందా?" అని తొమ్మిదిసార్లు అడిగానట, తొమ్మిదిసార్లూ తరగతంతా "అర్థమైంది మేడమ్" అందట. దాని పక్కనే చివరి వరుసలో ఒక పాప పలక మీద ఉన్న జవాబు రాసుకున్నారు: 35.

నేను తప్పు చెప్పానని ఆయన అనలేదు. "ఈ పాపకు 35 ఎలా వచ్చిందంటారు?" అని అడిగారు. చూస్తే తెలిసింది. ఏడులోంచి రెండు తీసి ఐదు, నాలుగులోంచి ఒకటి తీసి మూడు వేసింది. పై అంకె, కింది అంకె అని చూడకుండా పెద్దదానిలోంచి చిన్నది తీసేసింది. ఆ పాప కూడా అందరితో పాటు "అర్థమైంది" అనే అంది. మర్నాడు కొబ్బరి ఈనెలు పదేసి కట్టలు కట్టి ఇచ్చాను. ఒక కట్ట విప్పితేగాని ఏడు పుల్లలు తీయలేనని తనే కనుక్కుంది. రెండు వారాలకు హెచ్‌ఎం గారు మళ్లీ వచ్చారు. ఈసారి చుక్కలు వెనక వరుస దాకా వచ్చాయి. ఆ రెండు కాగితాలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇది ఒక్క మంచి మనిషి చలవగా మిగిలిపోకూడదని ఈ లేఖ. ప్రపంచ బ్యాంకు 2019లో తెచ్చిన 'టీచ్' అనే పరిశీలన పద్ధతి మన రాష్ట్రంలో బడి చదువులు మెరుగుపరచడానికి ఆ బ్యాంకు సాయంతో చేపట్టిన 'సాల్ట్' ప్రాజెక్టు కింద వచ్చింది. పరిశీలకులు పాఠాన్ని పదిహేనేసి నిమిషాల చొప్పున రెండుసార్లు గమనించి తొమ్మిది అంశాలకు ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు ఇస్తారు. పరీక్ష పాసైతేనే పరిశీలకులు కాగలరు. పిల్లలకు అర్థమైందో లేదో టీచర్ సరిచూసుకుంటున్నారా అన్నది అందులో ఒక అంశం. తరగతంతా ఒకే గొంతుతో "అర్థమైంది" అంటే ఊరుకునే టీచర్‌కు అక్కడ తక్కువ స్కోరే వస్తుంది. అది న్యాయమే. కానీ ఆ అంకె ట్యాబ్‌లోంచి పైకి వెళ్లిపోయి, ఎందుకు తగ్గిందో నాకు తెలియకపోతే నా పాఠం మారదు. నాకు రెండు కాదు నాలుగు వచ్చిందని తెలిసినా అంతే. చుక్కల కాగితం లాంటిది చేతికి రావాలి.

ఒక్కరు ఒక్క రోజు చూసి తేల్చేయడమూ సరికాదు. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ సుమారు 3,000 మంది టీచర్లతో చేయించిన అధ్యయనంలో కూడా ఒకరికంటే ఎక్కువమంది, ఒకటి కంటే ఎక్కువ పాఠాలు చూస్తేనే అంచనా నమ్మదగ్గదిగా ఉంటుందని తేలింది. ఇక ఆ స్కోరును బదిలీలకో, ఇంక్రిమెంట్లకో ముడిపెడితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. చదవగలిగే పిల్లలు ముందు వరుసలోకి వస్తారు, నిన్న చెప్పిన పాఠమే ఈ రోజూ నడుస్తుంది. తనిఖీ భయంతో ఒకప్పుడు నేనూ అలా చేశాను. ఆ రోజు వెనక కూర్చున్న పిల్లలకు నేను అన్యాయం చేశాను.

ప్రతి పిల్లవాడి సామర్థ్యం అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ నాకు బాధ్యత పెట్టింది. నన్ను చూడటానికి వచ్చేవారూ నా విషయంలో అదే చేయాలని అడుగుతున్నాను. పీరియడ్ మొత్తం కూర్చోండి. అభిప్రాయం కాదు, కళ్లతో చూసింది, చెవులతో విన్నది రాయండి. ఆ రోజే 20 నిమిషాలు మాతో మాట్లాడండి, పిల్లల ఎదుట మాత్రం వద్దు. కాగితం ప్రతి ఒకటి మాకివ్వండి. కొన్ని వారాలకు మళ్లీ రండి.

కాంప్లెక్స్ హెచ్‌ఎంలకు సొంత బడి, సొంత క్లాసులు ఉన్నాయన్నది నిజం. వారు బయటికి వెళ్లిన రోజు ఆ క్లాసు ఎవరు తీసుకోవాలో ఉత్తర్వులోనే చెప్పాలి. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం టీచర్లకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలి. ఆ గంటల్లో కొన్నింటిని మా తరగతిలో పాఠం చూసి మాట్లాడే సమయంగా లెక్కించాలని పాఠశాల విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సెకండరీ గ్రేడ్ టీచర్,
ప్రకాశం జిల్లా