'లామా' అని రాసిన కేస్ షీట్లు

మలక్‌పేట, హైదరాబాద్

అమ్మలూ,

ఆదివారం నువ్వు ఫోన్లో మీ ప్రాజెక్ట్ గురించి చెబుతుంటే ఇక్కడ కుక్కర్ కూత పెట్టింది, సగమే విన్నాను. ఐసీయూకి వచ్చిన పేషెంట్ బతికే అవకాశం ఎంతో కంప్యూటర్ చెబుతుంది, దాన్ని బట్టి ఎవరికి బెడ్ ఇవ్వాలో డాక్టర్లు తేల్చుకుంటారు, అంతేగా? ఇరవై తొమ్మిదేళ్ళు ఐసీయూలో నర్సుగా చేసినదాన్ని, ఊరుకోలేను కదా.

దానికి నేర్పడానికి మీకిచ్చిన పాత రికార్డుల్లో 'లామా' అని రాసినవాళ్ళను ఏం చేశారు? అంటే డాక్టర్ వద్దన్నా ఇంటికి తీసుకెళ్ళిపోయినవాళ్ళు. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన నాకు ఇంకా గుర్తే. వెంటిలేటర్ మీద నాలుగో రోజు. కొడుకు కారిడార్లో చాప మీద కూర్చుని సంచిలో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. లేచి వచ్చి, "సిస్టర్, వేలిముద్ర ఏడ వెయ్యాలె" అన్నాడు. ఇంక్ ప్యాడ్ నేనే తెచ్చిచ్చాను. దారిలో ఊపిరి అందించే అంబు బ్యాగ్ చేత్తో ఎలా నొక్కాలో కూడా నేనే చూపించాను. ఎల్బీనగర్ దాటారో లేదో. మా రిజిస్టర్లో మాత్రం ఆయన డిశ్చార్జి.

ఆయన బతికాడని లెక్కేస్తే మీ మెషిన్‌కి తప్పు నేర్పినట్టే. పోయాడని లెక్కేస్తే ఇంకా ఘోరం. అలాంటివాళ్ళు ఎలాగూ బతకరు, బెడ్ దండగ అని నేర్చుకుంటుంది. అక్కడ అయిపోయింది డబ్బులు. డబ్బుల్లేక వెళ్ళిపోయారని రాసే కాలమ్ మీ దగ్గర ఉందా?

నువ్వు పంపినవి చదివాను. ఆస్తమా ఉన్నవాళ్ళకు న్యుమోనియా వస్తే ప్రమాదం తక్కువని అమెరికాలో ఒక ప్రోగ్రామ్ తేల్చిందట. ఆస్తమా అనగానే వాళ్ళను నేరుగా ఐసీయూలో పెట్టి కనిపెట్టుకుని ఉండబట్టి బతికారు. దానికేం తెలుసు? అక్కడి ఆస్పత్రులు వాడిన ఇంకొకటి, ఎంత ఖర్చయిందో చూసి జబ్బు ఎంతుందో అంచనా వేసిందని, నల్లజాతివాళ్ళ మీద అయ్యే ఖర్చే తక్కువ కాబట్టి వాళ్ళ జబ్బు తక్కువగా కనిపించిందని 2019లో బయటపడింది. మన ముసలాయన కథే కదూ.

అంకెలంటే నాకేం పడకపోవడం కాదు. ఐసీయూ పేషెంట్ పరిస్థితి ఎంత విషమమో పాయింట్లలో చెప్పే, 1985లో వచ్చిన అపాచీ-2 స్కోరు మేమూ వేశాం. కాకపోతే ఏ పాయింటు ఎందుకొచ్చిందో కాగితం మీద వేలు పెట్టి చూపించేవాళ్ళం.

చివరి మాట డాక్టర్‌దే అన్నావు. వైద్యంలో ఇలాంటి కంప్యూటర్ల వాడకం మీద 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన మార్గదర్శకాలూ మనిషి పర్యవేక్షణ ఉండాలనే చెబుతాయి. సరే. రాత్రి మూడింటికి, ముందురోజు పొద్దుటి నుంచీ డ్యూటీలో ఉన్న పీజీ చదివే డాక్టర్ పిల్ల ముందు స్క్రీన్ మీద 'ఎనిమిది శాతం' అని కనిపిస్తే, కాదని బెడ్ ఇచ్చే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఇచ్చాక పేషెంట్ పోతే మర్నాడు సంజాయిషీ ఆ పిల్లే చెప్పుకోవాలి, స్క్రీన్ కాదు. బయటికొచ్చి అటెండెంట్లకు చెప్పాల్సిందీ ఆ పిల్లే.

ఒక పని చెయ్యి. లామా వెళ్ళినవాళ్ళు తర్వాత ఏమయ్యారో ఆస్పత్రివాళ్ళనే ఫోన్ చేసి కనుక్కోమను. నంబర్ కేస్ షీట్ మొదటి పేజీలో, అటెండెంట్ పేరు పక్కనే ఉంటుంది.

అమ్మ