వార్షిక నివేదిక: మన పాత కారు మళ్లీ ట్రాక్ ఎక్కిన ఏడాది

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందుంచవలసిన వార్షిక నివేదికను కార్యవర్గం తరఫున సమర్పిస్తున్నాను. జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లం పాత జర్మన్ టూరింగ్ కార్ల (వీధిలో తిరిగే మోడళ్ల నుంచే తయారైన రేసు కార్ల) చుట్టూ ఎందుకు చేరామో, మన సంఘం ఆశయాలేమిటో మీకు తెలిసినవే కనుక నేరుగా ఈ ఏటి పనిలోకి వస్తాను. ఇన్నేళ్లుగా టార్పాలిన్ కింద నిద్రపోతూ, ఏడాదికోసారి ఉగాది కార్యక్రమంలో పిల్లలు ఫొటోలు దిగడానికి మాత్రమే బయటికి వచ్చిన మన మెర్సిడెస్ 190ఇ 2.3-16, ఈ వేసవిలో న్యూర్బర్గ్‌రింగ్ రేసు ట్రాక్ మీద ఒక పోటీని మొదలుపెట్టి, ఎవరూ నెట్టకుండా, ఎవరూ లాగకుండా ముగించింది.

కొత్త సభ్యుల కోసం ఈ కారు గురించి రెండు మాటలు చెప్పాలి. న్యూర్బర్గ్‌రింగ్‌లో కొత్తగా కట్టిన గ్రాండ్ ప్రి ట్రాక్ ప్రారంభోత్సవంలో, 1984 మే 12న, పేరున్న డ్రైవర్లందరికీ ఇదే మోడల్ కార్లిచ్చి పోటీ పెట్టారు. అప్పటికి ఫార్ములా వన్‌లో అడుగుపెట్టి కొద్ది వారాలే అయిన అయిర్టన్ సెన్నా మొదటి స్థానంలోనూ, ప్రపంచ ఛాంపియన్ నికీ లౌడా రెండో స్థానంలోనూ వచ్చారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఇటలీలోని నార్డో ట్రాక్ మీద ఇదే మోడల్ 50,000 కిలోమీటర్లను గంటకు సగటున 247 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పరుగెత్తింది. రేసు ఇంజన్లు చేసే బ్రిటిష్ సంస్థ కాస్‌వర్త్ వారు రూపొందించిన పదహారు వాల్వుల సిలిండరు హెడ్, 2.3 లీటర్ల ఇంజను, 185 గుర్రాల శక్తి: ఇంతా కలిపి చూడ్డానికి డాక్టరుగారి ఇంటి ముందు నిలిపిన కారులా ఉంటుంది. టూరింగ్ కార్ల రేసింగ్‌లో ఉన్న అందమే అది. టూరింగ్ కార్ల పోటీలకు అప్పట్లో ఉన్న 'గ్రూప్ ఏ' అనే నిబంధన ప్రకారం పన్నెండు నెలల్లో కనీసం 5,000 కార్లు తయారు చేస్తేనే ఆ మోడల్‌ను పోటీకి అనుమతించేవారు కాబట్టి, ఆదివారం ట్రాక్ మీద చూసిన కారే సోమవారం వీధిలో ఎదురయ్యేది. మార్పులు చేసిన ఎవల్యూషన్ రకానికి 500 చాలు. 1990లో వచ్చిన, వెనక పెద్ద రెక్క ఉన్న ఎవో 2 అనే ఎవల్యూషన్ రకాన్ని 502 మాత్రమే చేశారు. 1992లో క్లాస్ లుడ్‌విగ్ జర్మన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచింది దానితోనే. అలాంటిది కొనే స్తోమత మనకు లేదు, కొనాలన్న కోరిక కూడా నాకు లేదు. కొంటే దాన్ని ఎవరూ తోలనివ్వరు.

చలికాలమంతా షెడ్డులో జరిగిన పని సభ్యుల్లో చాలామందికి తెలియదు, ఎందుకంటే వారు రాలేదు. బ్రేకు గొట్టాలన్నీ మార్చాము, ఇంధన పంపు మార్చాము, కారు బోల్తా పడినా నలగకుండా సీటు వెనక ఇనుప గొట్టాల కేజ్ బిగించాము, మంటలార్పే సిలిండరు, బయటినుంచి కరెంటు కట్ చేసే స్విచ్చి పెట్టాము. అన్నిటికంటే సతాయించింది గేరు. ఈ కారులో మొదటి గేరు ఎడమవైపు కిందికి ఉంటుంది. రేసులో ఎక్కువగా వాడే రెండు, మూడు గేర్లు ఒకే గీత మీద పడాలని అలా అమర్చారు. మన కారులో మాత్రం గేరు కడ్డీల కీళ్ల దగ్గరుండే చిన్న గొట్టాలు, అంటే లింకేజీ బుష్‌లు, అరిగిపోయి, మూడో గేరు ఎక్కడుందో చెయ్యి వెతుక్కోవలసి వచ్చేది. ఒక వర్క్‌షాపు వారిని అడిగితే ఆరు వారాలు పడుతుందన్నారు; ఆరు వారాల తరువాత ఇంకో నాలుగు వారాలన్నారు. సరిగ్గా అప్పుడు మన ఉపాధ్యక్షుల నాన్నగారు విజయవాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లేత్ మీద చెయ్యి తిరిగిన మనిషి. అరిగిన బుష్‌ను వేళ్ల మధ్య తిప్పి చూసి, "దీనికి ఆరు వారాలా బాబూ!" అన్నారు. ఒక సభ్యుడి పక్కింటివారి చిన్న లేత్ మీద, నైలాన్ కడ్డీ నుంచి మధ్యాహ్న భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య నాలుగు బుష్‌లు తీసిచ్చారు. డబ్బు తీసుకోలేదు, మేము పట్టుబట్టి ఒక శాలువా కప్పాము. బాబాయిగారికి సంఘం తరఫున ఈ నివేదికలో ప్రత్యేకంగా ధన్యవాదాలు రాయాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక పోటీ సంగతి. ఎవరు ముందు వస్తే వారిదే గెలుపు అనే చారిత్రక రేసుల్లో దిగాలంటే కారు ఆ కాలంలో ఎలా పరుగెత్తిందో అచ్చంగా అలాగే ఉందని నిరూపించే సాంకేతిక పాస్‌పోర్టు కావాలి. మనకు అది లేదు. అందుకని క్రమవేగ పోటీలో పేరిచ్చాము. మేము దిగిన తరగతిలో డ్రైవరు తొలి ల్యాపులో ఎంత సమయం తీసుకుంటే, తరువాతి ల్యాపులన్నీ అంతే సమయంలో పూర్తి చేయాలి; సెకనులో నూరో వంతు తేడా వచ్చినా దండన పాయింటు పడుతుంది. వినడానికి తేలికగా ఉంటుంది. 5.148 కిలోమీటర్ల ట్రాక్ మీద మీ ముందు '2002' అనే పాత బీఎండబ్ల్యూ మోడల్ నెమ్మదిగా మలుపు తిరుగుతున్నప్పుడు, వెనక వేగమైన బీఎండబ్ల్యూ ఎం3 ఒకటి లైట్లు వేసి తరుముతున్నప్పుడు అంత తేలిక కాదు.

పైగా ట్రాక్ ఉన్న ఐఫెల్ కొండల వాన. మొదటి మలుపు దగ్గర రోడ్డు పొడిగా ఉండి, డన్‌లప్ మలుపు దగ్గర నీళ్లు నిలిచాయి. పక్క సీటులో కూర్చున్న మన మహిళా విభాగం కన్వీనరుగారు చేతిలో స్టాప్‌వాచ్, మోకాలి మీద ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితంతో, ట్రాక్ పక్కన జెండాలతో హెచ్చరించే మార్షల్స్ నిలబడే ప్రతి చోటు దగ్గరా "ఒకటిన్నర ముందున్నాం, తగ్గించండి", "అర సెకను వెనక, తొక్కండి" అని చెబుతూనే ఉన్నారు. అద్దం మీద ఆవిరి కమ్మితే దాన్ని తన చున్నీతో తుడిచిందీ ఆవిడే. చివరి ల్యాపులో తేడా సెకనులో పది భాగాలకు మూడు. జాబితాలో మధ్యలో నిలిచాము, కప్పు రాలేదు. కానీ గీత దాటి పిట్ లేన్‌లోకి వచ్చిన కారు బానెట్ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ వేడి నాకు ఇంకా గుర్తుంది. డ్రైవరుగారికీ, కన్వీనరుగారికీ, తెల్లవారుజామున పులిహోర, ఫ్లాస్కు నిండా కాఫీ తెచ్చిన దంపతులకూ, ట్రైలరు అరువిచ్చిన జర్మన్ పొరుగువారికీ, వాన ముసురులో జెండాలు పట్టుకుని రోజంతా నిలబడ్డ మార్షల్స్‌కూ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ మార్షల్స్ కూడా స్వచ్ఛందంగా వచ్చినవారేనని గుర్తుచేస్తున్నాను.

గుర్తుచేయడానికి కారణముంది. ఆ రోజు సాయానికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవారు పద్దెనిమిది మంది. తెల్లవారుజామున ఐదింటికి షెడ్డు ముందు నిలబడినవారు ఆరుగురు. మధ్యాహ్నం ఎండ వచ్చాక, కారు కడిగాక, ఫొటోల వేళకు మాత్రం ఇరవై దాటారు. ఎవరినీ నొప్పించాలని కాదు, ఇల్లూ పిల్లలూ అందరికీ ఉన్నాయి. కానీ రాలేనివారు ముందురోజు ఒక మాట చెబితే, ఆ ఆరుగురు చక్రాలు మోసే పని ఎలా పంచుకోవాలో ఆలోచించుకునేవారు. మార్షల్ శిక్షణకు పంపుతామన్నప్పుడు కూడా తొమ్మిదిమంది పేర్లిచ్చి ముగ్గురే పూర్తి చేశారు. ఆ ముగ్గురికీ అభినందనలు.

పట్టణ కూడలిలో పాత కార్ల ప్రదర్శన పెట్టాలన్న ప్రయత్నం ఫలించలేదు. అనుమతి కోసం సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు రాశాము, ఒకసారి స్వయంగా వెళ్లాము. నూనె కారకుండా కారు కింద పరిచే పళ్లేల కొలతలతో సహా అడిగినవన్నీ ఇచ్చాము. అనుమతి పత్రం చక్కగా ముద్ర వేసి వచ్చింది. ప్రదర్శన తేదీ దాటిన నాలుగో రోజున.

ఆదాయవ్యయాల పట్టికను కోశాధికారిగారు విడిగా పంచుతారు, ఇద్దరు తనిఖీదారులూ సంతకం చేశారు. టైర్లూ బీమా మనం అనుకున్నదానికన్నా ఎక్కువయ్యాయి, షెడ్డు అద్దె మారలేదు, కొద్దిపాటి మిగులు ఉంది. ఎవో 2 వంటి రెక్క కొనాలన్న ప్రతిపాదనను కార్యవర్గం తిరస్కరించింది. ఖర్చులు పెరిగిపోవడం వల్లే ఓపెల్, ఆల్ఫా రోమియో తప్పుకుని 1996తో టూరింగ్ కార్ల అంత పెద్ద ఛాంపియన్‌షిప్పే ఆగిపోయింది. మన ఖాతా అంతకంటే గట్టిదేమీ కాదు.

వచ్చే ఏడాదికి పెండింగులో ఉన్నవి రెండు: వాల్వుల సందు సరిచేసే పలుచని బిళ్లలు, అంటే షిమ్‌లు, సరిచూడడం, వెనక సస్పెన్షన్‌లో కారుతున్న హైడ్రాలిక్ గొట్టం. రెండింటికీ సామాను వచ్చేసింది, చేతులే కావాలి. షెడ్డు తాళం ఉపాధ్యక్షులవారి దగ్గర ఉంటుంది. ప్రతి శనివారం ఉదయం తొమ్మిదింటికి తెరుస్తారు. పానాలు అక్కడే ఉన్నాయి, పాత బట్టలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి