దారిన పోయేవాళ్ల ఫోటోలు ఏ చట్టం కింద తీస్తున్నారు?

సంపాదకులు గారికి,

మా అబ్బాయి హోటల్లో పనిచేస్తాడు. ఇల్లు చేరేసరికి రోజూ రాత్రి పన్నెండు దాటుతుంది. పోయిన నెల ఒక రాత్రి పోలీసులు వాడి బండి ఆపారు. లైసెన్సు, ఆర్సీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా హెల్మెట్ తీయించి, నంబరు ప్లేటు పక్కన నిలబెట్టి, ట్యాబ్‌తో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీశారు. ఎందుకు సార్ అంటే "చెకింగ్, పో" అన్నారట. అన్నం ముందు కూర్చుని వాడు అడిగాడు: "అమ్మా, దొంగల ఫోటోల్లో నాదీ పెట్టుకుంటారా?" నేనేం చెప్పను?

మర్నాడు స్టేషన్‌కు వెళ్లాను. సరైన జవాబు రాలేదు. గోడ మీద పై అధికారుల ఫోన్ నంబర్ల బోర్డు కనబడితే, పెన్ను లేక ఫోనుతో ఫోటో తీయబోయాను. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి "స్టేషన్లో ఫోటోలు తీయకూడదమ్మా, కేసవుతుంది" అన్నాడు. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం చెప్పే నిషిద్ధ స్థలం కాదని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2022లోనే చెప్పింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం భయపడి ఫోను లోపల పెట్టేసుకున్నాను.

నేను కెమెరాలకు వ్యతిరేకిని కాను. గొలుసు దొంగల భయంతో మా గల్లీ చివర కెమెరాకు మేమూ చందా వేశాం. కానీ స్తంభం మీది కెమెరా వేరు, ఏ తప్పూ చేయని మనిషిని ఆపి ముఖం ఫోటో తీసుకోవడం వేరు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం కూడా దోషుల నుంచి, అరెస్టయినవాళ్ల నుంచి, అలాంటి మరికొందరి నుంచే ఫోటోలు, వేలిముద్రలు తీసుకోమంటుంది. మిగతావాళ్లవి కావాలంటే మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి. మావాడి విషయంలో ఆ ఆదేశం ఎక్కడ? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారు. ఆ హక్కులో ప్రభుత్వం వేలు పెట్టాలంటే ముందు దానికో చట్టం ఉండాలన్నారు.

ఇది మా ఇంటి ఒక్కదాని బాధ కాదు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్‌లోనే ఒక సామాజిక కార్యకర్తను ఆపి మాస్క్ తీయమన్నారు. ఆయన తీయనంటే మాస్క్‌తోనే ఫోటో తీసుకున్నారు. ఆయన హైకోర్టు గడప తొక్కారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

అందరికీ కోర్టుకెళ్లే తాహతు ఉండదు. కాబట్టి రోడ్డు మీద తీసిన ఫోటోను ఏ సెక్షన్ కింద తీశారో, ఎన్నాళ్లు ఉంచుతారో, తీసేయమని ఎవరిని అడగాలో పోలీసు శాఖ తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. స్టేషన్లో ఫోటో తీయొద్దనేవాళ్లు ఆ ఉత్తర్వేదో గోడ మీద అంటించాలి.

మావాడు ఆ దారిన రావడం మానేశాడు. పెట్రోలు ఎక్కువైనా చుట్టూ తిరిగి వస్తున్నాడు. వాడి బండి చప్పుడు వినబడేదాకా నేను మేలుకునే ఉంటున్నాను.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్