చెవి కింద కూడా ఒకసారి తడిమి చూడమనండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో రిటైరైన జీవశాస్త్రం టీచర్ని. లాలాజల గ్రంథులు మూడు జతలు, అన్నిటికన్నా పెద్దది పెరోటిడ్, అది చెవికి ముందూ కిందా ఉంటుంది అని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి మా అప్ప (అక్క) చేతి కాఫీ తాగేవాణ్ణి. సరిగ్గా అక్కడే ఆమెకి ఉసిరికాయంత గడ్డ ఉండేది. బొమ్మకీ గడ్డకీ సంబంధం ఉందని ఒక్కనాడూ తట్టలేదు. కాబట్టి ఈ కథలో మొదటి తప్పు నాదే.

ఆ గడ్డ 18 ఏళ్లు ఉంది. మొదట్లో శనగ గింజంత. గవదబిళ్లలనుకుని మెడలో బంగారు గొలుసు వేసుకుంది. ఎవరో చెబితే నల్లజీడి చుక్క పెట్టించారు. గడ్డ తగ్గలేదు, మచ్చ మాత్రం మిగిలింది. ఒక ప్రైవేటు క్లినిక్కులో చూపిస్తే చేత్తో కదిపి "కొవ్వు గడ్డమ్మా, ఏం కాదు" అన్నారు. నొప్పి లేదు, చెంగు కాస్త పైకి లాక్కుంటే ఎవరికీ కనబడదు. "దాని మానాన అది ఉంది, ఎందుకు కెలకడం" అనేది అప్ప. మా ఊళ్లో అందరి మాటా అదే.

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లాక మూడు నెలల్లో అది నిమ్మకాయంత అయింది. రాయిలా గట్టిపడి కదలడం మానేసింది. ఒకరోజు పొద్దున్న నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించబోతే కుడి పెదవి మూల నుంచి కారిపోయాయి. మూతి వంకరపోయింది. పక్షవాతమన్నారు. పావురాయి మాంసం పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, నుదురు మాత్రం కుడివైపు ముడత పడటం లేదు. ముఖ నరం పెరోటిడ్ గ్రంథి మధ్యలోంచే పోతూ ఐదు పాయలవుతుందని, దెబ్బ తిన్నది మెదడు కాదు ఆ నరమని, పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పేదాకా రెండు వారాలు పక్షవాతం మందుల చుట్టూ తిరిగాం.

ఆవిడ చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ కలిపి రాస్తున్నాను. మీకు తెలియదని కాదు, ఇది చదివే మా వాళ్ల కోసం. లాలాజల గ్రంథుల్లో ఎక్కువగా వచ్చే గడ్డ ప్లియోమార్ఫిక్ అడెనోమా. అది క్యాన్సర్ కాదు. పెరోటిడ్ గడ్డలు పది ఉంటే దాదాపు ఎనిమిది క్యాన్సర్ కానివే. "ఏం కాదు" అనే మాట అంత తేలిగ్గా వచ్చేది అందుకే. కణంలో ఒక జన్యువు చోటు తప్పి మరోచోట అతుక్కోవడంతో ఇది మొదలవుతుంది. చాలా గడ్డల్లో అది పీఎల్ఏజీ1, కొన్నిట్లో హెచ్ఎంజీఏ2. ఆ ఒక్క పొరపాటుకి కణాలు మెల్లగా పెరుగుతాయి, అంతే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ పొరపాటు మీద పొరపాటు పడుతుంది. దారి తప్పిన కణాన్ని ఆపాల్సిన టీపీ53 అనే జన్యువు పాడవుతుంది. పెరగమని తొందరపెట్టే హెర్2 జన్యువు కాపీలు కొన్నిట్లో ఎక్కువైపోతాయి. పాత గడ్డలోనే ఒక మూల క్యాన్సర్ పుడుతుంది. గడ్డ పొర దాటకముందు తీసేస్తే చాలామంది బాగుంటారు. దాటితే నరం, మెడలోని లింఫ్ గ్రంథులు, ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. ఈ మార్పు వచ్చే అవకాశం మొదటి 5 ఏళ్లలో సుమారు 1.5 శాతమని, 15 ఏళ్లు దాటితే 10 శాతం దగ్గరకి పోతుందని వైద్య పుస్తకాల్లో ఉంది. అప్ప "దాని మానాన అది ఉంది" అన్న ప్రతి ఏడూ ఆ లెక్కలో పడింది.

చీము గడ్డ కోసినట్టు దీన్ని కోయడానికీ లేదు. పొర పల్చన, దాని నుంచి వేళ్లలాంటి మొలకలు బయటికి పొడుచుకుని ఉంటాయి. పిక్క ఒలిచినట్టు గడ్డ ఒక్కటే తీస్తే అవి మిగిలిపోయి, కొన్నేళ్లకి ఒక గడ్డ ఉన్నచోట పది బుడిపెలు లేస్తాయి. నరాన్ని కాపాడుకుంటూ చుట్టూ ఉన్న గ్రంథితో కలిపి తీయాలి. తీసినదాన్ని పారెయ్యకుండా బయాప్సీకి పంపాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటింటి పరీక్షలకి మీ సిబ్బంది మా ఇంటికీ వచ్చారు. ఆ అమ్మాయి టార్చి వేసి "నోరు తెరువు మామ్మా" అంది. నాలుక ఎత్తించింది, బుగ్గలు చూసింది, ట్యాబులో టిక్కు పెట్టుకుంది. టార్చికీ గడ్డకీ మధ్య జానెడు దూరం లేదు, చెంగు అడ్డం. ఆమెని తప్పుపట్టను. నోరు చూడమన్నారు, చూసింది. మా తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారు, అంగిట్లో క్యాన్సర్ వస్తుంది, కాబట్టి నోటి పరీక్ష కావలసిందే. అయితే అంగిట్లోనూ చిన్న లాలాజల గ్రంథులున్నాయి, ఇదే గడ్డ అక్కడా వస్తుంది. పుండు లేకుండా నున్నగా ఉబ్బి ఉంటుంది కనుక పుండు కోసం వెతికే కంటికి ఆనదు.

పలాసలో కిడ్నీ రోగులకి కట్టినట్టు దీనికో ఆసుపత్రి కట్టమనడం లేదు. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నోరు చూసిన చెయ్యి చెవి కిందకీ దవడ కిందకీ కూడా పోవాలి, అంతే. గడ్డ తగిలితే ఎన్నేళ్లుగా ఉందో రాసి జిల్లా ఆసుపత్రికి సూది పరీక్షకి (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటానికి) పంపాలి. అందులో క్యాన్సర్ లేదని వచ్చినా పాత గడ్డని "ఏం కాదు" అని ఇంటికి పంపకూడదు. సూది మంచి భాగంలో దిగితే మంచే చెబుతుంది మరి.

అప్పకి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. కుడి కన్ను పూర్తిగా మూసుకోదు. రాత్రి అందులో ఆయింట్‌మెంట్ వేసి రెప్ప మీద ప్లాస్టర్ అంటించడం నా పని. పోయిన వారం అదే అమ్మాయి బీపీ చూడటానికి వచ్చింది. అప్ప తనే చెంగు తీసి కుట్ల గీత చూపించింది, పక్కింటి కోడల్ని కేకేసి "దీనిక్కూడా ఉందమ్మా, చూడు" అంది. నిజమే, కుంకుడు గింజంత. ఆ అమ్మాయి తడిమి చూసి, ట్యాబులో కిందికీ పైకీ వెతికి, "దీనికి ఇందులో చోటు లేదు మామ్మా" అంది. చివరికి చీటీ మీద రాసుకుని వెళ్లింది.

ఆ చోటు పెట్టించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా